ఒక్క ఫ్లాపీ దొరక్క ఆగిన యంత్రం

తుక్కులో పడేసిన పాత కంప్యూటర్‌ను బాగుచేయాలనుకున్నవారు ముందుగా చూసేది పవర్ సప్లై, ఉబ్బిన కెపాసిటర్లు, కారిపోయిన బ్యాటరీ. వాటికి మందు ఉంది. టంకం పెట్టడం తెలిసిన రిపేరు మనుషులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఆ విడిభాగాలూ దొరుకుతున్నాయి. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. కరెంటు వస్తుంది, తెర వెలుగుతుంది, ఏం చేయాలో మాత్రం యంత్రానికి తెలియదు. ఆ తెలివినిచ్చే సాఫ్ట్‌వేర్ కూడా వైర్లూ స్క్రూల్లాగే యంత్రంలో భాగం. కంపెనీ ఒక మోడల్‌ను వదిలేశాక, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా కాపీ చేసుకోగలగాలన్నది నా వాదన.

ఐబీఎం 1987 ఏప్రిల్‌లో తెచ్చిన పీఎస్/2 కంప్యూటర్లను చూడండి. అంతకుముందు పీసీలో కొత్త కార్డు బిగించాలంటే దాని మీది బుల్లి స్విచ్చులను, జంపర్లను చేత్తో సర్దుకోవాల్సి వచ్చేది. ఆ అవస్థ తప్పించడానికి మోడల్ 50, 60, 80లలో మైక్రో చానెల్ అనే ఏర్పాటు పెట్టి, సర్దుబాటు పనిని ‘రిఫరెన్స్ డిస్కెట్’ అనే ఫ్లాపీకి అప్పగించారు. ఏ కార్డు ఎక్కడుంది, దానికి ఏమేం కేటాయించాలి అన్న లెక్కంతా అందులోని ప్రోగ్రాం, బ్యాటరీ మీద బతికే చిన్న మెమరీలో రాసిపెడుతుంది. బ్యాటరీ అయిపోతే ఆ రాత చెరిగిపోతుంది. ఆన్ చేయగానే తెర మీద 161 అన్న అంకె వస్తుంది. కొత్త బ్యాటరీ వేసినా సరిపోదు, రిఫరెన్స్ డిస్కెట్ పెట్టి ఆ లెక్కంతా మళ్లీ రాయించాలి. బయటి కంపెనీల కార్డులుంటే ఒక్కోదానికి ఏడీఎఫ్ అనే చిన్న వివరాల ఫైలు కూడా కావాలి. ఆ కార్డు చేసిన కంపెనీ మూతపడి ఉంటే ఎవరిని అడగాలి? ఎక్కడో ఒక ఔత్సాహికుడు ఆ ఫ్లాపీని ముందుచూపుతో కాపీ తీసి దాచి ఉంటేనే యంత్రానికి ప్రాణం. 1.44 ఎంబీ ఫ్లాపీ నుంచి తీసిన మామూలు ఇమేజ్, అంటే పూర్తి నకలు ఫైలు, సరిగ్గా 14,74,560 బైట్లుంటుంది. అంతకన్నా తక్కువుంటే కాపీ మధ్యలో తెగిందని అనుమానించాలి. దాన్ని మామూలు ఫైలులా ఫ్లాపీ మీదికి లాగితే పనికిరాదు, సెక్టార్ తర్వాత సెక్టార్‌గా రాసే ప్రోగ్రాంతోనే ఎక్కించాలి. చేతిలో అసలు ఫ్లాపీయే ఉంటే, దాని మూలనున్న చిన్న ప్లాస్టిక్ బిళ్లను జరిపి, రంధ్రం తెరుచుకున్నాకే డ్రైవ్‌లో పెట్టండి. ఇక దాని మీద ఏదీ పొరపాటున రాయబడదు.

ఇనుప పెట్టెతో ఈ తిప్పలెందుకు, ఎమ్యులేటర్ ఉందిగా అంటారు కొందరు. పాత యంత్రంలా నటించే ఆ ప్రోగ్రాం మంచి సాధనమే. కానీ పీఎస్/2ను అనుకరించాలన్నా దాని రోమ్ చిప్‌లోని కోడ్ కావాలి, ఆపైన అదే రిఫరెన్స్ డిస్కెట్ ఇమేజ్ కావాలి. సాఫ్ట్‌వేర్ పోతే అసలూ నడవదు, నకలూ నడవదు. 1994లో మొదలై, ఉచితంగా దొరికే ఫ్రీడాస్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ అవసరాన్ని చక్కగా తీరుస్తోంది గానీ, ఒక కంపెనీ తన యంత్రానికే రాసుకున్న సర్దుబాటు ప్రోగ్రాంకు అది బదులు కాలేదు.

కాపీరైట్ అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసేయదగింది కాదు. రాసినవాడి కష్టానికి విలువ ఉండాల్సిందే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రోగ్రాం కాపీ చట్టబద్ధంగా చేతిలో ఉన్నవారికి బ్యాకప్ కాపీ తీసుకునే వెసులుబాటు ఇచ్చింది. అయితే తుక్కులో దొరికిన యంత్రంతో ఫ్లాపీ రాలేదు, మరి బ్యాకప్ దేన్నుంచి తీయాలి? అమెరికాలో కంపెనీ పేరిట 1987లో వెలువడిన ప్రోగ్రాం మీద హక్కు 95 ఏళ్లు, అంటే 2082 దాకా ఉంటుంది. ఫ్లాపీ మీది అయస్కాంత పూత అన్నాళ్లు నిలుస్తుందని ఎవరూ పూచీపడలేరు. పాత కోడ్‌ను బయటపెడితే కంపెనీ మునిగిపోతుందన్న భయానికీ ఆధారం కనబడదు. మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ తొలి వెర్షన్ల సోర్స్ కోడ్‌ను 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా చూడనిచ్చింది, 2018లో ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వదిలింది, 2024లో 4.0 వెర్షన్‌నూ అలాగే ఇచ్చింది. అమ్మకానికి లేని సరుకును పంచితే వ్యాపారానికి తగిలిన దెబ్బ ఏమిటి?

ఇది సరదా కోసం పాత పెట్టెలు పోగేసేవారి గొడవ మాత్రమే అనుకోవద్దు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పుస్తకాలెన్నో పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో, అను వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిపెట్టాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే అర్థంకాని గుర్తుల గుట్ట కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నమాట నిజమే. అవి మాటలను చాలావరకు తేగలవు గానీ పేజీ కూర్పును తేలేవు, వత్తుల దగ్గర తప్పులూ దొర్లుతాయి. ఆ ఫాంట్, ఆ పేజ్‌మేకర్, ఆ రెండూ నడిచే పాత విండోస్ కలిసి ఒక మూలనున్న కంప్యూటర్‌లో బతికి ఉంటే, అదే ఫైలులో గుడులూ కొమ్ములూ వత్తులూ డీటీపీ ఆపరేటర్ కూర్చిన చోటే కనిపిస్తాయి.