వేడినీటిని కాచుట

తెలుగున ‘కాచుట’ యను మాటకు రెండర్థములు గలవు. వేడిచేయుట యొకటి, కాపాడుట మఱియొకటి. స్నానపు నీటి విషయమున మనము మొదటి పనిని మాత్రమే చేయుచు, రెండవదానిని మఱచుచున్నాము. మార్గశిర పుష్య మాసములందు గృహిణి కోడికూతతోనే లేచి నీళ్ళపొయ్యి యంటించును. మగవారును బిడ్డలును స్నానములు ముగించునప్పటికి కాగు అడుగంటును. తుదకామెకు మిగులునవి చన్నీళ్ళే. ఈ కొఱతకు ముఖ్యకారణము కట్టెలు చాలకపోవుట కాదు. పుట్టిన వేడిమి నిలువకపోవుట.

మొదట లెక్క చూతము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకేలరీ వేడిమి కావలెను. ఆరుగురున్న యింటికి మనిషికి 15 లీటర్ల చొప్పున 90 లీటర్లు పట్టునందము. 20 డిగ్రీల చల్లని నీటిని 40 డిగ్రీలకు తెచ్చుటకు 1,800 కిలోకేలరీలు చాలును. గాలికెండిన కట్టె కిలో ఒకటికి సుమారు 3,500 కిలోకేలరీల నిచ్చును. కావున అరకిలోకు కొంచెము మించిన కట్టెతోనే పని తీరవలెను. కాని మూడురాళ్ళ పొయ్యిపై పదింట తొమ్మిది పాళ్ళ వేడిమి గాలిపాలగుటచేత దినమునకు 5 కిలోలు, నెలకు 150 కిలోలు కాల్చవలసి వచ్చుచున్నది. ఆ కట్టెను ఏరి, మోసి, పొగలో కూర్చుండి కాల్చువారు స్త్రీలే గదా! ఆ పొగ వారి ఊపిరితిత్తులకును, చెంతనున్న పసిబిడ్డలకును చేయు హాని యింతంత గాదు.

కట్టెలు కొఱవడినచోట పిడకలు పొయ్యి నెక్కును. ఇచ్చట పొలమునకే నష్టము. భారతదేశపు వ్యవసాయమును పరిశీలించిన వోల్కరు పండితుడు 1893 సంవత్సరపు తన నివేదికలోనే, వంటచెఱకు దొరకనందుననే రైతు పేడను కాల్చుచున్నాడని వ్రాసెను. పేడ కాలినప్పుడు అందలి నత్రజని పొగతో పోవును. బూడిదలో పొటాషు, భాస్వరములే మిగులును. స్నానమునకు కాల్చిన నత్రజనిని మరల బస్తాల రూపమున కొని తెచ్చుకొనుచున్నాము.

వేడిమిని నిలుపుటకు పెద్ద ఖర్చు లేని మార్గములు గలవు. మొదటిది మూత. ఒక లీటరు నీరు ఆవిరియై పోయినచో దానితో సుమారు 540 కిలోకేలరీలు పోవును. అది 27 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడిచేయుటకు చాలినంత. రెండవది పొయ్యి. మంట కాగు చుట్టును తాకి, పొగ గొట్టము గుండ పోవునట్లు మూసి కట్టిన పొయ్యికి సగము కట్టెయే చాలును. నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరులో నీరు మంటను చుట్టుకొని యుండును గనుక కంది కంపకును, కొబ్బరి చిప్పలకును కూడ త్వరగా కాగును. మూడవది పొదుగుట. కాగిన నీటిపాత్రను నిప్పునుండి దూరముగా తీసి, మూతపెట్టి, ఎండుగడ్డి గాని ఊక గాని దట్టముగా కూరిన పెట్టెలో నుంచినచో తుదివారికిని వేడినీరే దొరకును.

ఈ పాఠమునే సూర్యరశ్మి యంత్రముల చరిత్రయు చెప్పుచున్నది. 1891లో అమెరికాలోని బాల్టిమోరు వాసి క్లారెన్సు కెంపు, నల్లరంగు తొట్లను అద్దపు పెట్టెలో నుంచి యెండతో నీరు కాచు పరికరమునకు హక్కుపత్రము పొందెను. పగలు కాగిన నీరు రాత్రికి చల్లారిపోయెడిది. 1909లో కాలిఫోర్నియాలో విలియము బెయిలీ, ఎండను పట్టు పలకను వేఱుచేసి, కాగిన నీటిని వేడి పోకుండ పొదిగిన తొట్టిలో నిలువజేసెను. నాటినుండి ఉదయమునను వేడినీరు దొరకెను.

నేడు మన మిద్దెలపై కనబడు యంత్రములును ఈ పద్ధతివే. దినమునకు 100 లీటర్లు కాచు యంత్రమునకు సుమారు 2 చదరపు మీటర్ల పలక దక్షిణాభిముఖముగా నుండవలెను. కాగిన నీరు తేలికయై తనంతట తాను పైతొట్టికి ఎక్కును గనుక మోటారు అక్కఱలేదు. అయితే ఉప్పుబోరు నీటివలన సన్నని గొట్టములలో సున్నము పేరుకొనును. అట్టి గ్రామములవారు దానికి తగిన రకమును అడిగి కొనవలెను. మబ్బుదినములకు పొయ్యి యుండనే యున్నది.

విద్యుత్తుతో కాచినచో పై 90 లీటర్లకు కొంచెము మించి 2 యూనిట్లగును. కాని బకెట్టులో వేయు హీటరు కడ్డీ మిక్కిలి ప్రమాదకరము. స్విచ్చి ఆపి ప్లగ్గు తీయనిదే నీటిని ముట్టరాదు. ఎర్తు లేని యింట దానిని వాడనేరాదు.

ఎరువులను, విత్తనములను ఉమ్మడిగా తెప్పించుకొను మనము ఈ పరికరములను మాత్ర మేల యొంటరిగా కొనవలెను? పదిమంది సభ్యులు కలిసి కోరినచో ధరయు తగ్గును, మరమ్మతుల బాధ్యతయు అమ్మినవారిపై నుంచవచ్చును. అంతకు ముందు ప్రతి సభ్యుడును ఒక వారము దినములు తన నీళ్ళపొయ్యికి పోవు కట్టెను తూచి చూచుగాక. ఇంట తుదిగా స్నానము చేయువారెవరో, వారికి ఎట్టి నీళ్ళు మిగులుచున్నవో కూడ అడిగి తెలిసికొనుగాక.