ఒకే పిన్, ఒకే తాళం: ప్యాడింగ్ లేకపోతే ఏమవుతుంది?

పోయిన ఎపిసోడ్ విన్న ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పగలు సైట్‌లో పని, రాత్రి రూమ్‌లో కోడింగ్ నేర్చుకుంటున్నాడు. "అన్నా, ఇంటికి డబ్బు పంపే యాప్ లాంటిది ప్రాక్టీస్‌కి చేస్తున్నా. వీడియో చూసి ఆర్‌ఎస్‌ఏ లెక్క నేనే రాశా, పిన్ ఎన్‌క్రిప్ట్ అవుతోంది. ఇంకేం కావాలి?" అని అడిగాడు. ఆడియోలో తొందరగా చెప్పేశాను, ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

ఆర్‌ఎస్‌ఏలో రెండు తాళంచెవులు. పబ్లిక్ కీ అందరి దగ్గరా ఉంటుంది, దాంతో మూయడమే. తెరిచేది ప్రైవేట్ కీ, అది సర్వర్ దగ్గరే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఉత్త ఆర్‌ఎస్‌ఏ ఒక లెక్క మాత్రమే. ఒకే అంకె ఇస్తే ఎన్నిసార్లైనా ఒకే జవాబు. నాలుగంకెల పిన్‌లు మొత్తం 10,000. దారిలో నీ మెసేజ్ పట్టుకున్నవాడు తాళం పగలగొట్టక్కర్లేదు. పబ్లిక్ కీ వాడి దగ్గరా ఉంది కదా, 10,000 పిన్‌లూ తనే ఎన్‌క్రిప్ట్ చేసుకుని ఏది సరిపోయిందో చూసుకుంటాడు. మామూలు ల్యాప్‌టాప్‌కి అది నిమిషం పని కూడా కాదు. కీ 2048 బిట్లయినా 4096 అయినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు. నేనూ కొత్తలో పెద్ద కీ పెట్టానని ధీమాగా తిరిగినవాణ్ణే.

అందుకే ప్యాడింగ్. తాళం వేసేముందు మెసేజ్‌కి ప్రతిసారీ కొత్త రాండమ్ బైట్లు కలిపి, కీ సైజుకి నింపుతాం. అదే పిన్ పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా వెళ్తుంది.

పాత పద్ధతి పీకేసీఎస్ 1, వెర్షన్ 1.5. ముందు 0, 2 అనే రెండు బైట్లు, తర్వాత సున్నా కాని రాండమ్ బైట్లు కనీసం 8, ఆపైన ఒక సున్నా, చివర మెసేజ్. 1998లో డానియెల్ బ్లైకెన్‌బాకర్ దీన్ని దెబ్బకొట్టి చూపించాడు. ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో ఒకాయన "ఫారం తప్పు" అని ఒకసారి, "ఫారం సరే, పిన్ తప్పు" అని ఇంకోసారి అంటున్నాడనుకో. దొంగకి ఆ తేడా చాలు. మెసేజ్‌ని కొంచెం కొంచెం మార్చి లక్షలసార్లు పంపుతూ, ఆ జవాబులతోనే లోపలి మాట రాబడతాడు. 2017లో రోబోట్ అనే పరిశోధన చూస్తే, పెద్ద పెద్ద వెబ్‌సైట్లలోనే ఈ లొసుగు అప్పటికీ ఉండేది! కాబట్టి తప్పు ఏదైనా సర్వర్ ఒకే జవాబు, ఒకే సమయంలో ఇవ్వాలి.

కొత్తగా రాసేటప్పుడు ఓఏఈపీ వాడు. 1994లో బెల్లారే, రోగవే ఇచ్చిన పద్ధతి. సొంతంగా రాయొద్దు, లైబ్రరీలో ఉన్నదే తీసుకో. జావాలో ఉత్తినే "ఆర్‌ఎస్‌ఏ" అని రాస్తే సాధారణంగా పాత ప్యాడింగే వస్తుంది. ఇంకో తలనొప్పి: ఓఏఈపీకి షా-256 అని చెప్పినా, జావా లోపలి ఎంజీఎఫ్1కి షా-1నే వాడుతుంది. అవతల పైథాన్ సర్వర్‌లో రెండింటికీ షా-256 పెట్టుంటే మెసేజ్ తెరుచుకోదు. రెండువైపులా విడిగా చెప్పాలి.

2048 బిట్ల కీలో 256 బైట్లు. షా-256తో ఓఏఈపీకే 66 పోతాయి, నీకు మిగిలేది 190. పిన్‌కి చాలు. పాస్‌పోర్ట్ ఫొటో లాంటిదైతే ఏఈఎస్‌తో మూసి, ఆ ఏఈఎస్ కీని మాత్రం ఆర్‌ఎస్‌ఏతో పంపాలి.

తమ్ముడూ, ఈ రాత్రి ఒకే పిన్‌ని రెండుసార్లు ఎన్‌క్రిప్ట్ చేసి ప్రింట్ చెయ్. రెండూ ఒకేలా వస్తే మొదటికి రా. వేరుగా వస్తే స్క్రీన్‌షాట్ పెట్టు, నీ అసలు పిన్‌తో మాత్రం కాదు సుమా.