చిన్న బిళ్ళకే విలువెక్కువ!

అమెరికాలోని బిడ్డల వద్దకు వెళ్ళే మన పల్లె పెద్దలకు దుకాణంలో మొదటి చిక్కు చిల్లరతోనే. అక్కడి పెన్నీ, నికెల్, డైము, క్వార్టరులపై విలువ అంకెల్లో ఉండదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది. చదవడం రానివారు గుప్పెడు చిల్లర చాపి, "నువ్వే తీసుకో" అన్నట్లు నిలబడాల్సిందే.

సైజు చూసి లెక్కగడితే పొరపాటే. 5 సెంట్ల నికెల్ పెద్దది, 10 సెంట్ల డైము చిన్నది. క్వార్టరు 25 సెంట్లు, నాలుగైతే డాలరు. ఎర్రటి పెన్నీ ఒక సెంటు. 2025లో చలామణీ కోసం ముద్రించడం ఆపినా చెల్లుతుంది. నోట్లన్నీ ఒకే కొలత. అంకె చూడందే ఇవ్వరాదు.

అందుకే అక్కడ కొత్తవారికి ఇంగ్లీషు నేర్పే తరగతుల్లో నాణేలు బల్లపై పోసి, ఉత్తుత్తి బేరాలాడించి నేర్పుతుంటారు. ప్రయాణానికి ముందే ఆ నాలుగు పేర్లూ నేర్చుకుంటే, అక్కడ తలవంచుకోనక్కరలేదు.