జంతువు దగ్గర పాఠం

ఆలోచనాశక్తే మనిషిని జంతువు నుంచి వేరు చేస్తుందని అరిస్టాటిల్ చెప్పిన కాలంలోనే, గ్రీకు తత్వవేత్త డయోజనీస్ జంతువును గురువుగా ఎంచుకున్నాడు. నల్లసముద్రం ఒడ్డున ఉన్న సినోపి నుంచి ఏథెన్స్ చేరిన అతనికి నిలువనీడ లేదు. ఒకరోజు ఒక ఎలుక అతని కంటపడింది. దానికి పడక అక్కర్లేదు, చీకటంటే భయం లేదు, రుచుల మీద యావ లేదు. బతికే దారి అతనికి అక్కడే దొరికిందని అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ చెప్పినట్లు తత్వవేత్తల జీవితాలు రాసిన మరో డయోజనీస్, డయోజనీస్ లాయర్టియస్ గ్రంథంలో ఉంది. ఆ తర్వాత పెద్ద మట్టి కాగే అతని ఇల్లయింది. జనం కుక్క అని పిలిస్తే, ఆ పేరునే సొంతం చేసుకున్నాడు. అతని బాట పట్టిన సినిక్కుల జంతుత్వం ఇలా మొదలైంది.

దీన్ని విచ్చలవిడితనం అనుకుంటే పొరపాటు. బతకడానికి నిజంగా ఏం కావాలో తేల్చుకునే పరీక్ష ఇది. దోసిలితో నీళ్లు తాగే పిల్లవాణ్ణి చూసి డయోజనీస్ తన గిన్నె పారేశాడు. ఎండాకాలం కాలే ఇసుకలో దొర్లేవాడు, చలికాలం మంచు కప్పిన విగ్రహాలను కౌగిలించుకునేవాడు. ఏ జంతువూ ఇలాంటి సాధన చేయదు, దానికి ఆ అవసరమే లేదు. సౌఖ్యానికీ పరువుకూ అలవాటుపడిన మనిషి మాత్రం సాధనతోనే వాటిని వదిలించుకోగలడు. పచ్చి మాంసం తినబోతే అతనికి అరగలేదట. అంటే జంతువును ఉన్నదున్నట్టు అనుకరించడం కూడా కుదరదు.

1984లో ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో తన చివరి ఉపన్యాసాల్లో ఈ విషయాన్నే పట్టుకున్నాడు. సినిక్కులకు జంతుత్వం పుట్టుకతో వచ్చి ఊరుకునేది కాదని, తమకు తాము పెట్టుకున్న సవాలని వివరించాడు. అంతకు ఏడాది ముందు, 1983లో, జర్మన్ రచయిత పీటర్ స్లోటర్‌డైక్ నేటి సినిక్‌ను వర్ణించాడు: వ్యవస్థలోని బూటకం తెలుసు, అయినా అందులోనే సర్దుకుపోతాడు.

ఆనాటి సినిక్కుకూ నేటి సినిక్కుకూ తేడా జంతుత్వంలోనే ఉంది. దేన్నీ నమ్మకపోవడం నేటివాడికీ వచ్చు, కోరికలు తగ్గించుకోవడమే రాదు. ఉద్యోగం, హోదా, సౌకర్యం పోతాయన్న భయం అతని నోరు నొక్కేస్తుంది. కొరింథులో అలెగ్జాండర్ ఏం కావాలో కోరుకొమ్మంటే, ఎండకు అడ్డు తప్పుకోమన్నాడట డయోజనీస్. ఆ ధైర్యం వాక్చాతుర్యం వల్ల వచ్చింది కాదు. రాజు ఇవ్వగలిగినదేదీ అక్కర్లేని బతుకును అతను ముందే కట్టుకున్నాడు. నిర్భయంగా నిజం చెప్పాలనుకునే ఎవరికైనా ఆ సాధన ఈనాటికీ అవసరమే.