సెప్టిక్ ట్యాంకు వాసనకు ఫినాయిల్ మందు కాదు!

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పట్టుకుంటే వాకాడు వంటి తీరపు ఊళ్లలో ఇల్లాళ్లకు ఒకటే తలనొప్పి, మరుగుదొడ్డి వాసన! చుట్టాలొస్తే తలవంపులే. నేలలో నీరు పైకొచ్చి ఇంకుడు గుంత పీల్చుకోదు. ట్యాంకులోని గాలి ఇంట్లోకి తన్నుతుంది.

వెంటనే ఫినాయిలో, యాసిడో గుమ్మరిస్తాం. దాంతో మలాన్ని కరిగించే సూక్ష్మజీవులు చచ్చి, వాసన ఇంకా పెరుగుతుంది. వాటికి బదులు ఇలా చేసి చూడండి.

* వాడని బాత్‌రూమ్ జాలీలో వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. గొట్టం వంపులో నిలిచే ఆ నీళ్లే వాసనకు అడ్డు.

* ట్యాంకు గాలి గొట్టాన్ని ఇంటి కప్పుకన్నా ఎత్తుగా పెట్టించి, మూతికి దోమతెర కట్టండి.

* వాడేసిన నూనె, న్యాప్‌కిన్లు దొడ్లో వేయకండి.

* రెండు మూడేళ్లకోసారి, వానలకు ముందే, మిషన్ బండితో తోడించండి.

డబ్బులు కలిసొస్తాయని కూలిమనిషిని మాత్రం ట్యాంకులోకి దింపకండి. రక్షణ సాధనాలు లేకుండా దింపితే 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, క్షణాల్లో ప్రాణం పోతుంది. మనిల్లు శుభ్రం కావడానికి ఇంకో ఇంటి దీపం ఆరిపోకూడదు కదా!