పాత పెద్దబండికి సొంత మరమ్మతు: ఏది మన చేతి పని, ఏది కాదు



ఈ పూట మనం చెప్పుకోబోయేది పైరు సంగతి కాదు, పశువు సంగతీ కాదు. పండిన పంటను బజారుకు చేర్చే బండి సంగతి. చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఊళ్లకు పోతే చెట్టు నీడన ఒక పాత సుమోయో, క్వాలిసో, బొలెరోయో, స్కార్పియోయో నిలబడి కనిపిస్తుంది. వీటిలో కొన్నిటి మొదటి కాపురం గచ్చిబౌలి. రాత్రింబగళ్లు అక్కడి కంపెనీల ఉద్యోగులను మోసి, ఇక వయసు మీరిందనిపించుకొని, చవుకగా అమ్ముడై పల్లెకు వచ్చిన బండ్లు అవి. పొద్దున కూరగాయల గంపలు, మధ్యాహ్నం విత్తనాల సంచులు, పండుగకు ఇంటిల్లిపాది, అన్నీ దానిమీదే.

బండి వయసు ముందుగా తెలుసుకోవాలి. టాటా సుమో 1994లో వచ్చింది, దాని తయారీ 2019లో ఆగింది. క్వాలిస్ 2000లో వచ్చి 2005లో నిలిచిపోయింది. కాబట్టి ఈనాడు రోడ్డు మీద తిరిగే ప్రతి క్వాలిసూ ఇరవై ఏళ్ల బండి అన్నమాట. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండిని పరీక్ష చేయించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ పరీక్షలో నెగ్గడానికైనా, అంతకంటె ముఖ్యంగా మనం ప్రాణాలతో ఇల్లు చేరడానికైనా, బండి మంచి చెడ్డలు యజమానికి తెలిసి ఉండాలి.

"కిలోమీటర్లు తక్కువే తిరిగింది సార్, ఇంజను కొత్తదాని లెక్క ఉన్నది" అని అమ్మేవాడు చెబుతాడు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ట్రాక్టరు వయసును మనం గంటలలో లెక్క పెడతాం గదా? పెద్దబండికి గంటల మీటరు లేదు, కిలోమీటర్ల మీటరే ఉంది. గచ్చిబౌలి కూడలిలో సాయంత్రం పూట బండి కదలక నిలబడినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది, ఆయిలు కాగుతూనే ఉంటుంది. మీటరు మాత్రం కదలదు. పైగా అడుగడుగునా ఆగి కదలడంతో క్లచ్చి ప్లేటు, బ్రేకు లైనర్లు అరిగిపోతాయి. కనుక నగరంలో తిరిగిన బండి కొన్నప్పుడు మీటరును నమ్మకుండా ఆయిలు, ఫిల్టర్లు అన్నీ ఒకేసారి మార్చి, ఆ తేదీని, కిలోమీటర్లను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆనాటి నుంచే మన లెక్క మొదలు.

ఇక మన చేతి పనులు చూద్దాం. ట్రాక్టరు చూసుకొనే రైతుకు ఇవి కొత్త కావు.

మొదటిది ఇంజను ఆయిలు. బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. ఆయిలు పాల రంగుకు తిరిగితే అందులో నీరు కలిసిందని అనుమానించాలి. అటువంటప్పుడు బండి నడపకుండా మెకానిక్కును పిలవాలి.

రెండవది గాలి ఫిల్టరు. కోతల కాలంలో మన మట్టి బాటల దుమ్ము తారు రోడ్డు దుమ్ముకు ఎన్నో రెట్లు. ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుకు ఊపిరి ఆడదు, నల్లపొగ వస్తుంది, డీజిలు దండుగ. పొగ రంగును బట్టి రోగం పట్టవచ్చు. నల్లపొగ అంటే గాలి తక్కువ, లేదా డీజిలు ఎక్కువ. నీలిపొగ అంటే ఆయిలు మండుతున్నది. తెల్లపొగ చలి ఉదయాన కాసేపు వచ్చి పోతే భయం లేదు. ఇంజను వేడెక్కినా ఆగకుండా, రేడియేటరులో నీరు కూడా తరుగుతుంటే హెడ్డు గాస్కెట్టు పోయిందేమో చూపించాలి.

మూడవది డీజిలు ఫిల్టరు. దీని అడుగున నీరు చేరుతుంది. కింది మర కొద్దిగా వదులు చేసి ఆ నీటిని వంపేయాలి. కొత్త ఫిల్టరు వేసినప్పుడు లైనులో గాలి చిక్కుతుంది. పాత పద్ధతి పంపు ఉన్న బండ్లలో గాలి మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి ఉత్త డీజిలు వచ్చేదాకా ఉండి బిగించాలి. అయితే పంపు నుంచి ఇంజెక్టర్లకు పోయే సన్నని ఇనుప గొట్టాలను ఇంజను నడుస్తుండగా ముట్టవద్దు. అందులో డీజిలు వత్తిడి చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోయేటంత ఉంటుంది. గాయం సూదిమొన అంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిందే.

నాలుగవది బ్యాటరీ. తీసేటప్పుడు ముందు నెగెటివు తీగ, పెట్టేటప్పుడు చివర నెగెటివు తీగ. ఇది తప్పితే పానా బాడీకి తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. కొసలకు తెల్లని, పచ్చని బూజు పడితే వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఆరాక వాజలైను పూయాలి. నిలిపి ఉంచిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. అంతకు బాగా తగ్గితే తప్పు బ్యాటరీది కాదు, దానిని చార్జి చేసే ఆల్టర్నేటరుది కావచ్చు. ఇది తెలియక మంచి బ్యాటరీలు మార్చేవారు ఉన్నారు.

అయిదవది గ్రీజు. పాత బండ్ల ప్రొపెల్లరు షాఫ్టు జాయింట్లకు గ్రీజు నిప్పిళ్లు ఉంటాయి. ట్రాక్టరుకు పట్టించే గన్నుతోనే పట్టించవచ్చు. కదిలేటప్పుడు కింద 'టక్కు' మని వినిపిస్తే మొదట చూడవలసింది అక్కడే.

ఆరవది టైర్లు. గాలి తెల్లవారి చల్లని వేళ చూడాలి. టైరు నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒకే అంచు అరిగితే చక్రాల అమరిక తప్పింది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు పని అయిపోయినట్లే. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవైమూడో వారంలో తయారైందని అర్థం. గాడి నిండుగా కనిపించినా పాతబడి పగుళ్లిచ్చిన టైరుతో ఎండాకాలం అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. అక్కడి వేగానికి టైరు పేలితే బండి చేతిలో ఉండదు.

ఇక ప్రాణానికి సంబంధించిన మాటలు. జాకీ అన్నది బండిని లేపడానికే గాని, నిలబెట్టడానికి కాదు. చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టకుండా, ఇనుప స్టాండ్లు వేయకుండా, ఒట్టి జాకీ మీద నమ్మకంతో బండి కిందికి దూరవద్దు. ఇటుకలు అసలే పెట్టవద్దు, అవి బరువుకు చిట్లిపోతాయి. వేడి మీద రేడియేటరు మూత తీయవద్దు, సల సల కాగే నీరు ముఖాన కొడుతుంది.

బ్రేకు డబ్బాలో బ్రేకు ఆయిలే పోయాలి. ఇంజను ఆయిలు ఒక్క గుక్కెడు పడినా లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకు పాడవుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక రెండేళ్లకోసారి మార్పించాలి. డబ్బాలో మట్టం తగ్గితే నింపి ఊరుకోక, ఎందుకు తగ్గిందో చూపించాలి. అది లైనర్లు అరిగిన గుర్తైనా కావాలి, కారుతున్న గుర్తైనా కావాలి. పెడలు దూది లాగ మెత్తగా దిగితే ఆ బండిలో ఎవరినీ ఎక్కించవద్దు.

వికారాబాద్ పక్క అనంతగిరి ఘాటు దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని ఇంజను ఆపేవారున్నారు. ఇంతకంటె ప్రమాదం లేదు. బ్రేకుకు బలమిచ్చేది ఇంజనే. అది ఆగితే రెండు మూడు సార్లు తొక్కగానే పెడలు రాయి అవుతుంది, పవరు స్టీరింగు ఉంటే అదీ బిగుస్తుంది. కింది గేరులో, ఇంజను పట్టు మీదనే దిగాలి. ఆ బండిలో కూరగాయలే గాక మన ఇంటి ఆడవాళ్లు, పిల్లలు, కూలివాళ్లు ఉంటారు. నాలుగు చుక్కల డీజిలుకు ఆ ప్రాణాలు పణం పెట్టరాదు.

బ్రేకు సిలిండర్లు, స్టీరింగు, డీజిలు పంపు, ఇంజెక్టర్లు, ఏసీ గ్యాసు, ఈ అయిదూ తెలిసిన మెకానిక్కుకే వదలండి. అయినా పక్కన నిలబడి చూడండి, తీసిన పాత సామాను అడిగి తీసుకోండి, కొత్త సామానుకు బిల్లు తీసుకోండి. తెలిసిన యజమాని ముందు పని కూడా శుభ్రంగా జరుగుతుంది.

మార్చిన పాత ఆయిలును కాలువలోనో, బావి గట్టునో పారబోయకండి. అది నేలలోకి, నీళ్లలోకి దిగుతుంది. పాత ఆయిలు చర్మానికీ మంచిది కాదు, సబ్బుతో చేతులు కడుక్కోండి. దానిని డబ్బాలో నింపి, పాత ఆయిలు కొనే పరవానా ఉన్నవారికి ఇవ్వండి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఊళ్లో ట్రాక్టరు సంరక్షణ గురించి చెప్పే రోజున ఒక పాత పెద్దబండిని కూడా పక్కన నిలిపి, ఆయిలు పుల్ల, ఫిల్టరు మర, బ్రేకు డబ్బా చేత్తో ముట్టి చూపించండి. పది మాటలు చెప్పేకన్న ఒకసారి చూపడం మేలు.

ఎద్దుకు గంట కట్టి, మేత వేసి, గిట్టలు చూసుకొన్న జాతి మనది. బండికీ అదే కన్ను పెడితే చాలు, ముసలిదైనా పని చేస్తుంది. పని చేయలేని రోజు వచ్చినప్పుడు ఆ సంగతీ ముందుగా మనకే తెలుస్తుంది. ఇక సెలవు.