ఆఫీసు లాప్‌టాప్‌కి కొత్త విండోస్: అపోహలు – వాస్తవాలు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతకు కొన్ని నెలల ముందు నుంచే మా ఐటీ సపోర్టుకు రోజూ అవే ప్రశ్నలు. జనం భయపడేది ఒకదానికి, పని ఆగేది ఇంకోచోట.

అపోహ: ఇంట్లో కంప్యూటర్‌కి విండోస్ 11 ఎప్పుడో వచ్చింది. ఆఫీసుదానికి రాలేదంటే ఐటీవాళ్ల బద్ధకమే.

వాస్తవం: కొత్త వెర్షన్‌ను 365 రోజుల దాకా ఆపి ఉంచే సెట్టింగు ఐటీవాళ్ల చేతిలో ఉంటుంది. ముందు మాలో కొందరికి, తర్వాత ఒక విభాగానికి, ఆ తర్వాతే అందరికీ. వీపీఎన్ కలవకపోయినా, అకౌంట్స్‌వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోయినా అక్కడే బయటపడాలి గానీ నెలాఖరున జీతాల లెక్కల మధ్యలో కాదు. బద్ధకమూ కొంత ఉంటుంది, కాదనను.

అపోహ: 16 జీబీ ర్యామ్ ఉంది, బాగానే నడుస్తోంది. విండోస్ 11 పడదనడం కొత్త లాప్‌టాప్‌లు అమ్ముకునే ఎత్తు.

వాస్తవం: ర్యామ్ 4 జీబీ ఉన్నా చాలు. అడ్డుపడేవి టీపీఎం 2.0 చిప్, ప్రాసెసర్ తరం. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఏదో చిట్కా చూసి బలవంతంగా ఎక్కిస్తే, దానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. సొంత కంప్యూటర్ మీద చేసుకుంటే మీ ఇష్టం, ఆఫీసుదాని మీద వద్దు.

అపోహ: అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లన్నీ పోతాయి.

వాస్తవం: పాతదాని మీదే కొత్తది ఎక్కిస్తే మామూలుగా ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మెషీన్ మొత్తం తుడిచి వేస్తేనే చిక్కు. డెస్క్‌టాప్ మీద 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అని పరిచినవన్నీ వన్‌డ్రైవ్‌లో ఉన్నాయో లేదో అప్పుడే తేలుతుంది. ఏ పద్ధతిలో చేస్తారో ముందే అడగండి.

అపోహ: 2024 జూలైలో విండోస్ అప్‌డేటే కదా విమానాలు ఆపేసింది! వాయిదా వేయడమే మేలు.

వాస్తవం: జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చిన మాట నిజం. కానీ అది విండోస్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన తప్పు ఫైలు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. వాయిదా సంగతి 2017లోనే చూశాం. మార్చిలో వచ్చిన ప్యాచ్ వేసుకోనివాళ్లను మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది.

అపోహ: రోజూ షట్‌డౌన్ చేస్తాను, అదే రీస్టార్ట్.

వాస్తవం: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ సగం నిద్రే పోతుంది. టాస్క్ మేనేజర్‌లో 'అప్ టైమ్' చూడండి, పన్నెండు రోజులు కనిపించినా ఆశ్చర్యపోకండి.

అపోహ: పాస్‌వర్డ్ గుర్తుంటే చాలు.

వాస్తవం: పని నిజంగా ఆగేది ఇక్కడే. ఆఫీసు లాప్‌టాప్ డిస్కుకు సాధారణంగా బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది. అప్‌గ్రేడ్ కోసం బయోస్‌లో ఏదైనా మారిందా, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించగలిగే సంఖ్యే, అందుకే ఒక్క అంకె తప్పు కొట్టినా అక్కడే పట్టేస్తుంది. ఆ కీ మీ దగ్గర ఉండదు, మా దగ్గర ఉంటుంది. మీరు చెప్పాల్సింది తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు.

మొన్న ఒకాయన పెళ్లింటి నుంచి ఫోన్ చేశారు. వెనక సన్నాయి మోగుతోంది. రెండో అక్షరం దగ్గర ఆగాం.

"'బి'నా, 'డి'నా అండీ?"

"బందరు 'బి' అమ్మా, బందరు!"